సంతాప సభ అయిపోయాక ఆ ఇంటికి ఎవరు వెళ్తున్నారు? మన పెన్షనర్ల సంఘాలకి ఒక బహిరంగ లేఖ

విజయనగరంలో ఉన్న పెన్షనర్ల సంఘాల పెద్దలందరికీ నమస్కారాలు.

స్టేట్ వాళ్ళకో సంఘం, సెంట్రల్ వాళ్ళకో సంఘం, రైల్వే, బ్యాంకు, కరెంటు, ఆర్టీసీ, ఎవరి సంఘం వాళ్ళకుంది కదా, నేను ఏ ఒక్కళ్ళకో రాయట్లేదు, అందరికీ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే సంగతి అన్ని చోట్లా ఒకేలా ఉంది. నేను టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను, మా వారు పోస్టల్‌లో చేసి రిటైర్ అయ్యారు. ఇద్దరికీ పెన్షన్ వస్తుంది, కంటోన్మెంట్ వైపు సొంతిల్లుంది, అమ్మాయి వైజాగ్‌లో ఉంటుంది, ఏదైనా అవసరం అంటే రెండు గంటల్లో వచ్చేస్తుంది. బీపీ మాత్రలు ఇద్దరం వేసుకుంటాం, ఆయనకి సుగరు కూడా ఉంది, అయినా మేం సుఖంగా ఉన్నాం. ఇలాంటి మాట బయటకి అనకూడదు, దిష్టి తగులుతుంది అంటారు మనవాళ్ళు. నేను అంటున్నాను, మేమిద్దరం బావున్నాం. అది ముందు చెప్పకపోతే మిగతాది చెప్పడం కుదరదు.

మిగతాది ఏంటంటే మా దగ్గరివాళ్ళలో చాలామంది బాగోలేరు. తిండికి లోటుండి కాదు, పలకరించే మనిషి లేక.

పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగిందంటే శ్రీకాకుళం నుంచి మా బావగారే. మా తోడికోడలు, నేను అక్కా అనే పిలిచేదాన్ని, ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. పాలకొండ రోడ్డు వైపు మూడంతస్తుల ఇల్లు, కింద వాటాలు అద్దెకిచ్చి పైన ఒక్కరూ ఉంటారు, పెద్దబ్బాయి బెంగుళూరు, చిన్నబ్బాయి అమెరికా. "ఎలా ఉన్నారు బావగారూ" అంటే "ఏటుందమ్మా, తిన్నాం, తొంగున్నాం, తెల్లారింది" అంటారు. ఆ తర్వాత ఆయన దగ్గర మాటలుండవు, కానీ ఫోన్ పెట్టరు. నేను పాలు స్టవ్ మీద పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఇవాళ కుళాయి రాలేదండీ, పనమ్మాయి ఇంకా రాలేదండీ, మీ తమ్ముడు వాకింగ్‌కి వెళ్ళారండీ, పక్కింటివాళ్ళు గోడకి రంగేయిస్తున్నారండీ అని ఏదో ఒకటి చెప్తూ ఉంటాను, ఆయన ఊ కొడుతూ ఉంటారు. ఊ కొట్టడానికి ఇంకో గొంతు కావాలి కదా, అందుకే ఆ ఫోను. అద్దెకున్నవాళ్ళతో గొడవ, పాలవాడితో గొడవ, కొడుకులతో గొడవ, చుట్టాలందరూ ఆయన్ని కోపిష్టి మనిషి అని పక్కనపెట్టేశారు. మా అక్క ఉన్నన్నాళ్ళూ కూడా ఆయనకి కోపం ఉండేది, కానీ అది ఆవిడ దగ్గర ఖర్చయిపోయేది, బయటకి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ కోపానికి ఇంట్లో ఎవరూ లేరు, అందుకని వీధిలో పడుతోంది.

ఇంకొకావిడ నా స్నేహితురాలు, నాతోపాటు ఒకే స్కూల్లో చేసింది, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముళ్ళని చదివించింది, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసింది, రింగ్ రోడ్డులో అపార్ట్‌మెంట్ కొనుక్కుంది. ఎప్పుడెళ్ళినా టీవీ మోగుతూ ఉంటుంది. చూడదు, చానెల్ ఏదో కూడా తెలీదు, వంటింట్లో ఉన్నా, బాత్‌రూములో ఉన్నా అది మోగాల్సిందే, రాత్రి కూడా సౌండ్ తగ్గించి వదిలేస్తుందట. తమ్ముళ్ళు ఫోన్ చేస్తారు, అక్కా ఏమైనా కావాలా అంటారు, ఏం కావాలని చెప్తుంది. సరుకులు ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి, మందులు వచ్చేస్తున్నాయి, ఇదివరకు కనీసం మందుల షాపుకని కిందకి దిగేది, ఇప్పుడు అదీ లేదు.

ఇద్దరుంటే చాలు ఈ బాధ ఉండదు అనుకుంటారేమో, అదీ కాదు. చీపురుపల్లిలో మా పెద్దమ్మ కూతురు, నాకు అప్ప వరస, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నారు, పొలం ఉంది, ఆరోగ్యాలు బావున్నాయి. ఆస్తి పంపకాల దగ్గర మాటా మాటా వచ్చి అప్పట్నుంచి మాట్లాడుకోవడం మానేశారు. ఆవిడ కంచంలో పెట్టి, మూతేసి, బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోతుంది, ఆయన తిని కంచం కడిగి బోర్లించి అరుగు మీదకి వెళ్ళిపోతాడు. నేను వెళ్తే ఇద్దరూ నాతో మాట్లాడతారు, ఒకరి తర్వాత ఒకరు, విడివిడిగా. "మీ బావతో సెప్పు, కందులు అమ్మీమని" అంటుంది పక్క గదిలో ఉన్న మనిషి గురించి. ఒంటరిగా ఉన్న మా బావగారి కంటే నాకు వీళ్ళని చూస్తేనే ఎక్కువ దిగులు. ఎందుకంటే బావగారికి లోకం జాలి అయినా చూపిస్తుంది, వీళ్ళకి అదీ లేదు, అన్నీ ఉన్న సంసారం అంటారు అందరూ.

మా పక్క వీధిలో ఒకావిడ ఉంది, ఆవిడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన ఆడవాళ్ళ చెయ్యే ఎక్కువుంది. భర్త మీ సభ్యుడే, మంచి మనిషి, కోవిడ్ తర్వాత పోయారు. ఆయన ఉన్నప్పుడు శ్రావణమాసం వచ్చిందంటే వీధి వీధంతా వాళ్ళింట్లోనే ఉండేది, వరలక్ష్మీ వ్రతానికి ఆవిడ చేసే పూర్ణాలు తినని ఇల్లు లేదు. ఆయన పోయిన ఏడాది శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ గేటు దగ్గర నుంచుని ఉంది, ముందు నుంచి అందరూ పట్టుచీరలు కట్టుకుని పళ్ళేలు పట్టుకుని వెళ్తున్నారు, ఆ ఇంటి ముందుకొచ్చేసరికి అడుగు వేగం పెంచుతున్నారు, ఒకళ్ళు తల దించుకున్నారు, ఒకళ్ళు ఫోన్ చూసుకున్నారు. ఎవరూ ఆవిడని ఏమీ అనలేదు, చెడ్డమాట ఒక్కటీ లేదు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు వితంతు వివాహం చేయించారని పిల్లలకి పాఠం చెప్పినదాన్ని నేను, గురజాడ అప్పారావు గారు బతికిన ఊరు మనది, ఆ ఇంటి ముందు నుంచే మనం రోజూ వెళ్తాం. అలాంటి ఊళ్ళో ఈ రోజుకీ ఒక పెద్దావిడని పసుపు కుంకుమకి పిలవాలా వద్దా అని ఆలోచిస్తున్నాం. మా ఇంట్లో ఆవిణ్ణి పిలుస్తాను, బొట్టు పెడతాను, మొదటి తాంబూలం ఆవిడకే ఇస్తాను. మొదటిసారి ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు, తర్వాతి ఏడు వాళ్ళే ఆవిడ పక్కన కూర్చున్నారు.

మేం ఎందుకు బావున్నాం అని చాలామంది అడుగుతారు. అందులో సగం అదృష్టమే, దాన్ని మేం మా గొప్ప అనుకోం. ఇద్దరం బతికున్నాం, అప్పుల్లేవు, పిల్ల దగ్గర్లో ఉంది, ఇవేవీ మేం చేసినవి కావు. మిగతా సగం మాత్రం రోజూ చేసుకునేదే. రిటైర్ అయ్యాక ఆయన వంట నేర్చుకున్నారు, పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఆయనదే. ఆయన స్నేహితులు ఆయనకున్నారు, నా స్నేహితులు నాకున్నారు. మ్యూజిక్ కాలేజీలో కచేరీ ఉంటే నేను వెళ్తాను, ఆయనకి సంగీతం పట్టదు, రారు, దాని మీద గొడవ లేదు. లేత పనసకాయల రోజులొచ్చాయంటే ఆదివారం పొద్దున్నే రైతు బజారు నుంచి కాయ తెస్తారు, పొట్టు కొట్టింది తెమ్మంటే తేరు, కాయే తెస్తారు. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, పేపరు పరుచుకుని, పీట మీద కూర్చుని తొక్క చెక్కి, ముక్కలు చేసి, సన్నగా పొట్టు కొడతారు, ఎంత నూనె రాసినా వేళ్ళకి జిగురు అంటుకుంటుంది, కళ్ళజోడు జారిపోతుంటే నేను పైకి తోస్తాను. కొడుతున్నంతసేపూ సాలూరు ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో వాగు పొంగి టపా సంచీ తడిసిపోయిన కథ చెప్తారు. నాకు ఆ కథ చివరిదాకా తెలుసు, అయినా నూరుతున్న ఆవ పక్కన పెట్టి వింటాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర డబ్బాల్లో పెట్టి ఒకటి రింగ్ రోడ్డుకి, ఒకటి పక్క వీధికి వెళ్తుంది.

అయితే ఒక సంగతి మేం మెల్లిగా తెలుసుకున్నాం. ఒంటరిగా ఉన్నవాళ్ళింటికి మేమిద్దరం కలిసి వెళ్ళం. ఇద్దరం వెళ్ళి సోఫాలో పక్కపక్కన కూర్చుంటే వాళ్ళు మాట్లాడరు, కాఫీ ఇస్తారు, బావున్నాం అంటారు, మేం లేచేదాకా చూస్తారు. నేనొక్కదాన్నే వెళ్తే నా స్నేహితురాలు టీవీ కట్టేస్తుంది. ఆయనొక్కరే శ్రీకాకుళం వెళ్తే, ఆమదాలవలసలో దిగి బస్సు పట్టుకుని ఇంటికెళ్తే, అన్నదమ్ములిద్దరూ సాయంత్రం అరసవల్లి గుడి దాకా వెళ్ళి పుష్కరిణి దగ్గర కూర్చుని వస్తారు, అక్కడ మా బావగారు మా అక్క గురించి మాట్లాడతారట, నా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మమ్మల్ని చూడలేక దూరమైనవాళ్ళు కూడా ఉన్నారు. నాకు బాగా కావాల్సిన ఒకావిడ, భర్త పోయాక, "మీ ఇంటికొచ్చి వెళ్తే నాకు మా ఇల్లు ఇంకా ఖాళీగా కనపడుతోంది, ఏమీ అనుకోకు" అని రావడం మానేసింది. ఏమీ అనుకోలేదు. ఫోన్ చేస్తాను, ఎత్తితే మాట్లాడతాను.

ఇప్పుడు నేను మీకు ఎందుకు రాస్తున్నానో చెప్తాను. మా ఇల్లు ఒక్కటీ, మేమిద్దరం, ఎంతమందికని సరిపోతాం? పొద్దున్న బావగారు, పదింటికి పక్కావిడ, మధ్యాహ్నం అప్ప ఫోను, సాయంత్రం మా వారి కోసం ఎవరో ఒకళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. వాళ్ళు రావడం మాకు బరువు కాదు, రావాలనే మా కోరిక. కానీ మా ఇద్దరిలో ఒకళ్ళం ముందు వెళ్ళిపోతాం, అది ఖాయం, ఆ రోజు నుంచి మిగిలినవాళ్ళం కూడా ఆ ఫోన్ చేసేవాళ్ళ వరసలోకే వస్తాం. అప్పుడు వీళ్ళందరూ ఎక్కడికి వెళ్తారు? ఒకళ్ళ మంచితనం మీద నడిచేది ఆ మనిషితోనే పోతుంది. సంఘం మీద నడిచేది ఉంటుంది. మీకు మెంబర్‌షిప్ రిజిస్టర్ ఉంది, అడ్రసులున్నాయి, ఫోన్ నెంబర్లున్నాయి, హాలుంది, కమిటీ ఉంది. ఈ ఊళ్ళో ఏ పెద్దమనిషి ఏ వీధిలో ఉన్నాడో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

మీరు చేస్తున్న పనులు చిన్నవి కావు. డీఏ బకాయిల కోసం మీరు తిరగకపోతే మాకు వచ్చేవి కావు. 2014లో జీవన్ ప్రమాణ్, అదే బతికున్నామని వేలిముద్రతో ఇచ్చే సర్టిఫికెట్, వచ్చిన కొత్తలో వేలిముద్ర పడక ఎంతమంది ఏడుపు మొహాలతో వచ్చారో, వాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కళ్ళకీ చేయించింది మీరే. రైల్లో పెద్దవాళ్ళకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేస్తే దాని కోసం మెమోరాండాలు ఇస్తూనే ఉన్నారు, ఇవ్వండి, అది కేవలం టికెట్టు డబ్బుల సంగతి కాదు, ఆ డబ్బులు లెక్కేసుకుని మానుకున్న ప్రయాణాల వల్లే అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం తగ్గిపోయింది. సెంట్రల్ పెన్షన్‌లో 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40 అని పెంచుకుంటూ వెళ్తారు, వయసు పెరిగితే అవసరం పెరుగుతుందని గవర్నమెంటుకి అర్థమైంది కాబట్టే ఆ రూలు పెట్టారు. మరి ఆ 80 దాటిన మనిషిని మన సంఘం ఎంత ఎక్కువగా పలకరిస్తోంది? నేను చూసినంతలో తక్కువగా పలకరిస్తోంది, మీటింగుకి రాలేడు కాబట్టి పేరు కూడా గుర్తుండదు.

సభ్యుడు పోతే సంతాప సభ పెడతారు. ఫోటోకి దండ, రెండు నిమిషాల మౌనం, ఆయన సర్వీసులో ఎంత నిజాయితీగా చేశారో నలుగురు మాట్లాడతారు, భార్యని ముందు వరసలో కూర్చోబెడతారు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు దగ్గరుండి చేయిస్తారు, దానికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. అంతటితో ఆవిడ పేరు రిజిస్టర్లోంచి పోతుంది. ఫ్యామిలీ పెన్షనర్ అని ఎక్కడో ఒక లిస్టులో ఉంటుందేమో, కానీ మీటింగుకి పిలుపు రాదు, పిక్నిక్‌కి పిలుపు రాదు, ఓటు లేదు, కమిటీలో చోటు అసలే లేదు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయి, పిల్లలు సెలవులు అయిపోయి వెళ్ళిపోయాక, అప్పుడు మొదలవుతుంది ఆవిడకి అసలు కష్టం. బ్యాంకుకి ఎప్పుడూ వెళ్ళని మనిషి, గ్యాస్ బుక్ చెయ్యడం తెలీని మనిషి, ఇంటి పన్ను ఎక్కడ కట్టాలో తెలీని మనిషి. మగాళ్ళయితే ఇంకోలా, అన్నం వండుకోవడం రాదు, తన చొక్కా ఏ బీరువాలో ఉందో తెలీదు, చెప్పుకోవడానికి నామోషీ. ఆ ఆరు నెలలూ సంఘం ఆ ఇంట్లో ఉండాలి. ఆ వీధిలో ఉన్న ఇద్దరు సభ్యులు వారానికి ఒకసారి వెళ్ళాలి, పని ఉన్నా లేకపోయినా, వెళ్ళి కూర్చోవాలి, అంతే. ఆవిడకి పూర్తి సభ్యత్వం ఇవ్వాలి, ఆయన పేరు మీద కాదు, ఆవిడ పేరు మీద.

మీటింగు హాలు గురించి ఒక మాట. మా వారి సంఘం మీటింగు మేడ మీద. మెట్లకి ఒకవైపు పట్టుకోవడానికి ఏమీ లేదు, బాత్‌రూము కింద వెనకాల ఉంది, మీటింగు సాయంత్రం అయిదింటికి పెడితే అయ్యేసరికి చీకటి పడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు ఎవరొస్తారు? ఎవరూ రారు, రాకపోతే ఆడవాళ్ళకి ఇంటరెస్టు లేదు అంటారు. పొద్దున్న పదిన్నరకి కింద గదిలో పెట్టి చూడండి.

ఇంకొకటి, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు అనే లిస్టు మన దగ్గర ఉండాలి, వాళ్ళింటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసుకోవాలి. మా వారి స్నేహితుడు ఒకాయన రాత్రి బాత్‌రూములో జారి పడిపోయారు, తుంటి ఎముక విరిగింది, పొద్దున్న పనమ్మాయి వచ్చి తలుపు కొట్టేదాకా చల్లటి గచ్చు మీదే ఉన్నారు, ఫోన్ మంచం మీద మోగుతోందట, అది కూతురి ఫోను. పడుకున్నారేమో అనుకుని ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యలేదు. ఆ అమ్మాయి తప్పేం లేదు. పక్క వీధిలో సభ్యుడు ఉన్నాడు, ఆయన రోజూ వాకింగ్‌కి ఆ గేటు ముందు నుంచే వెళ్తాడు, రోజూ రాత్రి ఒక మెసేజ్, పొద్దున్న ఒక మెసేజ్ అనే అలవాటు పెట్టుకుని ఉంటే అన్ని గంటలు అయ్యేది కాదు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్న నూట యాభై గుడ్ మార్నింగ్ బొమ్మలు వస్తాయి కదా, ఇవాళ ఎవరి గుడ్ మార్నింగ్ రాలేదో చూసే మనిషి ఒక్కళ్ళని పెట్టండి. పెద్దవాళ్ళ కోసం 14567 అని ఎల్డర్‌లైన్ ఉంది, ఫ్రీ నెంబరు, మీ హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలీదు.

ఇది పెన్షన్ ఉన్న మనలాంటివాళ్ళ సంగతి. ఊళ్ళలో ఇంకోలా ఉంది. గార మండలంలో మా వారి మేనత్త కూతురు ఉంది, కొడుకులిద్దరూ పనికోసం హైదరాబాదు వెళ్ళిపోయారు, వీధిలో సగం ఇళ్ళకి తాళాలే. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు ఏ ఊరికెళ్ళినా అంతే, వయసులో ఉన్నవాళ్ళు చెన్నై, గుజరాత్ అంటూ వెళ్ళిపోతారు, ముసలాళ్ళూ కుక్కలూ మిగులుతాయి, పెద్దపండక్కి నాలుగు రోజులు కళకళలాడి కనుమ వెళ్ళిందంటే మళ్ళీ మామూలే. 2024 జులై నుంచి గవర్నమెంటు ముసలివాళ్ళకిచ్చే పెన్షన్ 4,000 చేశారు, ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చిచ్చి వెళ్తాడు. ఆవిడ ఆ రోజు పొద్దున్నే లేచి వాకిట్లో కళ్ళాపి జల్లి కుర్చీ వేసి పెడుతుంది. "కూకో బాబూ, ఏటంత తొందర, టీ ఎట్టేత్తాను" అంటుంది, ఆ కుర్రాడికి ఇంకా చాలా ఇళ్ళున్నాయి, అయినా రెండు నిమిషాలు కూర్చుంటాడు. 4,000 ఎంత ముఖ్యమో ఆ రెండు నిమిషాలూ అంతే ముఖ్యం ఆవిడకి, మా వారితో అదే చెప్పింది, డబ్బు గురించి కాదు, ఆ గుంటడు తన పేరు అడిగి రాసుకున్న సంగతే చెప్పింది.

పిల్లల్ని తిట్టడానికి నేను ఈ లేఖ రాయట్లేదు. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రుల కోసం 2007లో చట్టం చేశారు, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, నెలకి 10,000 దాకా ఇప్పించొచ్చు, చూసుకుంటానని ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాసిచ్చింది రద్దు కూడా చేయించుకోవచ్చు. అవసరమైనవాళ్ళకి మీరు దగ్గరుండి అర్జీ పెట్టించాలి. కానీ నేను చెప్పినవాళ్ళలో ఎవరి కేసూ అది కాదు. మా బావగారి కొడుకులు డబ్బు పంపుతారు, రమ్మంటారు కూడా. ఆయన అమెరికా వెళ్ళి వచ్చారు, అక్కడ పగలంతా ఇంట్లో ఒక్కరే, వీధిలో మనిషి కనపడడు, తిరిగొచ్చి "ఇక్కడయితే తగువాడ్డానికయినా పాలోడున్నాడు" అన్నారు. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, దూరంగా ఉన్నారు, వాళ్ళని ఈ ఊళ్ళోనే ఉండమనడానికి ఇక్కడ ఉద్యోగాలు లేవు. కాబట్టి పక్కన ఉన్నది మనమే, ఒకళ్ళకొకళ్ళం మనమే.

ఇదంతా ముసలివాళ్ళ సొద అని కొట్టిపారెయ్యకండి. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిపోర్టు ఇచ్చింది, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకళ్ళు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏడాదికి 8,71,000 మరణాలకి దానితో సంబంధం ఉందని, అంటే గంటకి సుమారు 100 మంది. బ్రిటన్ 2018లో దీనికోసం ఒక మంత్రికే బాధ్యత అప్పజెప్పింది, జపాన్ 2021లో అదే చేసింది. అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు 1938 నుంచి కొంతమంది జీవితాలని తరాలుగా గమనిస్తూ వస్తున్నారు, అందులో తేలింది ఏంటంటే 50 ఏళ్ళ వయసులో మనుషులతో మంచిగా ఉన్నవాళ్ళే 80లో ఆరోగ్యంగా ఉన్నారట, కొలెస్ట్రాల్ లెక్క కంటే అదే బాగా సూచించిందట. ఇంకో సంగతి కూడా ఉంది అందులో, 80ల్లో ఉన్న భార్యాభర్తల్లో అన్యోన్యంగా ఉన్నవాళ్ళకి ఒళ్ళు నొప్పులు ఎక్కువున్న రోజున కూడా మనసు కుంగలేదట. ఇది చదివినప్పుడు నాకు మా చీపురుపల్లి అప్ప గుర్తొచ్చింది. గ్యాస్ అని, గుండె దడ అని నెలకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది, అన్ని టెస్టులూ బావున్నాయి అంటారు, మళ్ళీ నిద్రమాత్ర రాస్తారు. ఇంట్లో మాట లేదు అని ఏ డాక్టరుకి చెప్తుంది? మన సంఘాల్లో ఇద్దరి మధ్య కూర్చుని మాట కలపగల పెద్దవాళ్ళు ఉన్నారు, సర్వీసులో ఉన్నప్పుడు యూనియన్ గొడవలు తీర్చినవాళ్ళు. అలాంటివాళ్ళు ఒకసారి ఆ ఇంటి అరుగు మీద కూర్చోవాలి, ఎవరిది తప్పో తేల్చడానికి కాదు, ఇద్దరి చేతా ఒకే కాఫీ సమయంలో కాఫీ తాగించడానికి.

పెద్ద వయసులో మళ్ళీ తోడు కావాలనుకునేవాళ్ళూ ఉన్నారు మన ఊళ్ళో. హైదరాబాదులో తోడు నీడ అని సంస్థ నడుస్తోంది, 50 దాటినవాళ్ళకి సంబంధాలు కూడా కలుపుతోంది. ఇక్కడ ఆ మాటెత్తితే నవ్వుతారు. నవ్వకండి. మీ సభ్యుడు ఎవరైనా ధైర్యం చేసి వస్తే పక్కన నుంచోండి, పిల్లలతో మాట్లాడండి, అంతకు మించి నేను ఇప్పుడు అడగను.

మళ్ళీ దసరా వస్తుంది, దసరా వెళ్ళిన మంగళవారం మన పైడితల్లమ్మ జాతరలో సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్ళు, ఊరంతా చుట్టాలే. ఒంటరిగా ఉన్నవాళ్ళింట్లో ఆ రెండు రోజులూ దీపం వెలిగించి ఉంటుంది, బుధవారం నాటికి ఎవరూ ఉండరు, పండగ తర్వాత వచ్చే ఆ వారమే వాళ్ళకి అన్నిటికంటే కష్టం, ప్రతి ఏడూ నేను చూస్తున్నదే. మీరు మొదలుపెట్టదలుచుకుంటే ఆ బుధవారం నుంచి మొదలుపెట్టండి. పండగ భోజనాలు ముందే పెట్టెయ్యకుండా, సంఘం తరఫున బుధవారం మధ్యాహ్నం పెట్టండి, కింద గదిలోనే, సభ్యులు పోయిన ఇళ్ళకి కార్డు పంపకుండా మనిషి వెళ్ళి పిలవండి, ఆటో పంపండి. వంట పని మా ఇద్దరిదీ, నా స్నేహితురాలు కూరలు తరుగుతానంది, పక్క వీధి ఆవిడ పూర్ణాలు చేస్తానంది. మా బావగార్ని శ్రీకాకుళం నుంచి తీసుకొస్తాం, ఆయన ఎవరితోనైనా తగువు పెట్టుకుంటే ఓపిక పట్టండి.

వచ్చే కమిటీ మీటింగులో ఈ లేఖ చదవండి. ఫ్యామిలీ పెన్షనర్ల పూర్తి సభ్యత్వం, వీధికి ఇద్దరు, ఒంటరిగా ఉన్నవాళ్ళ లిస్టు, ఈ మూడూ అజెండాలో పెట్టి ఏం నిర్ణయించారో నోటీసు బోర్డులో రాయండి. లిస్టు రాయడానికి మనుషులు కావాలంటే మా వారు రెడీగా ఉన్నారు, ఈ ఊరి వీధులూ డోర్ నెంబర్లూ ఆయనకి నోటికొచ్చు.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకరి భార్య, రిటైర్డ్ టీచర్,
కంటోన్మెంట్, విజయనగరం